రీసెర్చ్ టీమ్‌లో పీజీ పోస్టింగ్: పన్నెండు వారాల్లో పని ఎలా నేర్చుకోవాలి

థీసిస్ టాపిక్ ఏమిటంటే గుక్క తిప్పుకోకుండా చెప్పే పీజీలు చాలామందే. "స్టడీ కోసం మొత్తం ఎంతమందిని చూశారు, ఎంతమందిని వద్దనుకున్నారు, ఎందుకు?" అని ఎగ్జామినర్ అడిగితే మాత్రం నోట మాట రాదు. ఆ లెక్క క్లాసులో వచ్చేది కాదు. నడుస్తున్న స్టడీ ఉన్న టీమ్‌లో చేరి, ఒక చిన్న పనిని సొంతం చేసుకుని, రోజూ చేస్తేనే వస్తుంది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఎండీ, ఎమ్మెస్, ఎంపీహెచ్, ఎమ్మెస్సీ నర్సింగ్, ఫార్మ్ డీ చేస్తున్న తెలుగువాళ్ల కోసం ఆ పని ఏమిటో వరసగా చెబుతాం. ఇక్కడ తెలుగు రావడం మీ బలం. అదే బలం ఎక్కడ కొంప ముంచుతుందో కూడా చూద్దాం.

ముందు టీమ్‌ని చూసుకోండి

పెద్ద ప్రొఫెసర్ పేరు చూసి వెళ్లకండి. మూడు సంగతులు అడగండి. ఇప్పుడు పేషెంట్లను చేర్చుకుంటున్నారా? ఎథిక్స్ కమిటీ (పరిశోధన పేషెంట్లకు న్యాయంగా ఉందా అని చూసే కమిటీ) అనుమతి ఏ తేదీ వరకు ఉంది? రోజూ అక్కడే ఉండే కోఆర్డినేటర్ ఎవరు? మొదటి ప్రశ్నకు "ఇంకో నెలలో మొదలవుతుంది" అంటే దండం పెట్టి వచ్చేయండి. ఆ నెల మూడు నెలలవుతుంది, మీ పోస్టింగ్ అయిపోతుంది. వారానికి ఇద్దరు ముగ్గురు మాత్రమే చేరే స్టడీ కూడా మీకు పనికిరాదు. చెయ్యి తిరగడానికి ఆ సంఖ్య చాలదు.

పని నేర్పేది గైడ్ కాదు, కోఆర్డినేటరే. చాలాచోట్ల ఆవిడకు మీకంటే జీతం తక్కువ, అనుభవం ఎక్కువ. అందరూ దీదీ అంటారు, మీరూ దీదీ అనండి. పని దగ్గర మాత్రం ఆవిడ మాటే చెల్లుతుంది.

బరంపురంలో 1962 నుంచి ఉన్న ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ కాలేజీ, భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాంతీయ కేంద్రం, ఈ మూడు చోట్లా ముందు అడగండి. మలేరియా, సికిల్ సెల్, గర్భిణుల రక్తహీనత, టీబీ, బీపీ వంటి అంశాలకు ఈ జిల్లాల్లో పేషెంట్ల కొరత ఉండదు.

ఎండీ, ఎమ్మెస్ వాళ్లకు ఒక హెచ్చరిక. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదాంట్లో చేయాల్సిన మూడు నెలల జిల్లా రెసిడెన్సీ వేరు, ఇది వేరు. రెండూ ఒకే సమయంలో కలిపి చేద్దామనుకుంటే డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరా, జిల్లా రెసిడెన్సీ కోఆర్డినేటర్ దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకోండి. నోటి మాట హాజరు లెక్కకు రాదు.

చేరే ముందు చేతిలో ఉండాల్సినవి

జీసీపీ (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, అంటే మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో చెప్పే నియమాలు) సర్టిఫికెట్, రీసెర్చ్ మెథడాలజీ ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్, తేదీ వేసి సంతకం చేసిన ఒక పేజీ బయోడేటా. ఇవి స్టడీ ఫైల్లోకి వెళ్తాయి. మెథడాలజీ కోర్సు ఎండీ, ఎమ్మెస్ వాళ్లకు ఎలాగూ తప్పనిసరి, మొదటి ఏడాదిలోనే ముగించేయండి.

ప్రోటోకాల్‌ని, అంటే స్టడీ ఎలా నడపాలో రాసిన పత్రాన్ని, రెండుసార్లు చదవండి. రెండోసారి పెన్ను పట్టుకుని, ఎవరిని చేర్చుకోవచ్చు, ఎవరిని చేర్చుకోకూడదు అన్న షరతులను జేబులో పట్టే అట్ట ముక్క మీద రాసుకోండి. ఒక్కో షరతు పక్కన "దీన్ని ఏ కాగితం చూసి నిర్ధారిస్తాను?" అని రాయండి. "కిడ్నీ జబ్బు లేనివారు" అని ప్రోటోకాల్ అంటే, ఎన్ని రోజుల లోపు క్రియాటినిన్ రిపోర్టు చెల్లుతుంది? అక్కడ రాసి లేకపోతే దీదీని అడగండి. ఇలాంటి ప్రశ్నలు నాలుగైదు పట్టుకొచ్చిన పీజీని టీమ్ గుర్తుపెట్టుకుంటుంది.

చేరిన రోజే డెలిగేషన్ లాగ్ చూపించమనండి. ఎవరికి ఏ పని అప్పగించారో, ఏ తేదీ నుంచో ప్రధాన పరిశోధకుడి సంతకంతో ఉండే పట్టీ అది. అందులో మీ పేరెదురుగా "స్క్రీనింగ్" అని మాత్రమే ఉంటే మీరు రక్తం తీయకూడదు, కన్సెంట్ (స్టడీలో చేరడానికి పేషెంటు అంగీకారం) తీసుకోకూడదు, రోజూ వార్డులో అదే పని చేస్తున్నా సరే.

మొదటి రెండు వారాలు: స్క్రీనింగ్ లాగ్ మీ చేతికి తీసుకోండి

ఎవరూ చేయాలనుకోని పని ఇది. అందుకే అడగ్గానే ఇస్తారు. ఇందులో రాయాల్సినవి: తేదీ, స్క్రీనింగ్ నంబరు, వయసు, స్త్రీ/పురుషుడు, అర్హత ఉందా, లేకపోతే ఏ షరతు దగ్గర ఆగారు, అర్హత ఉన్నా చేరకపోతే కారణం, మీ పొట్టి సంతకం. పేరు రాయకూడదు. ఓపీకి వచ్చిన వాళ్లలో స్టడీకి సరిపోతారేమో అని చూసిన ప్రతి ఒక్కరూ ఇందులోకి రావాలి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే. చేరినవాళ్లను రాసి, చేరనివాళ్లను "తర్వాత రాద్దాంలే" అని వదిలేస్తారు. మూడు నెలల తర్వాత వంద మందిని చూసి వందమందినీ చేర్చుకున్నట్టు కాగితం చెబుతుంది. అది నమ్మే రివ్యూయర్ ఉండడు. పేపర్లో వేసే కన్సార్ట్ బొమ్మలో (ఎంతమందిని చూశారు, ఎంతమంది మిగిలారు అని చూపే పటం) మొదటి డబ్బా ఈ లాగ్ నుంచే వస్తుంది. "కారణం" గడిలో "ఇష్టం లేదు" అని మాత్రం రాయకండి. "రెండో విజిట్‌కి రావడానికి బస్సు లేదు", "భర్త సూరత్‌లో, అడగాలి" అని రాయండి. ఇలాంటివి యాభై పోగైతే స్టడీకి ఎవరు దూరమవుతున్నారో తెలుస్తుంది. అదే మీ పోస్టర్‌కి సరుకు కావచ్చు.

ఈ రెండు వారాల్లోనే కనీసం పది కన్సెంట్లు పక్కన కూర్చుని వినండి. మాట్లాడకండి.

కన్సెంట్: తెలుగు వచ్చినవాడి మీద పడే బరువు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు పేషెంటు రాగానే టీమ్ అంతా మీ వంక చూస్తుంది. మీరు లేచి ఇంగ్లిష్ ఫారం చూస్తూ అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసేస్తారు. అదే పెద్ద తప్పు. పేషెంటు చేతికి ఇచ్చేది ఎథిక్స్ కమిటీ ఆమోదించిన తెలుగు ఫారమే అయి ఉండాలి. దాని మీద వెర్షన్ నంబరు, తేదీ ఉంటాయి. అనుమతి లేఖలో ఉన్న నంబరూ అదీ ఒకటేనా అని ప్రతిరోజూ పొద్దున చూడండి. బీరువాలో మిగిలిపోయిన పాత వెర్షన్ల మీద సంతకాలు తీసుకోవడం ఆడిట్‌లో తరచూ దొరికే తప్పు.

ఫారంలో తెలుగు బాగుండకపోవచ్చు. "యాదృచ్ఛికంగా కేటాయించబడతారు" అని ఉంటుంది. ఇచ్ఛాపురం దాటాక కాదు, బెజవాడలో కూడా ఆ మాట ఎవరికీ అర్థం కాదు. విడమరచి చెప్పేటప్పుడు "చీటీ తీసినట్టు పడుతుంది, ఏ మందు ఎవరికో డాక్టరుగారు కూడా ఎంచరు" అనండి. అలా చెప్పడం తప్పు కాదు. కాగితం మీద మాట మార్చడమే తప్పు. మార్చాల్సిందే అనిపిస్తే టీమ్‌కి చెప్పి సవరణగా కమిటీకి పంపించండి. కొత్త అనువాదాన్ని, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించి పోల్చాలి.

"పరీక్ష" అన్న మాటతో జాగ్రత్త. స్టడీ గురించి "ఇదొక పరీక్ష" అన్నారంటే రక్తపరీక్ష అనుకుని చెయ్యి చాపుతారు. ఒడియాలోనూ ఆ మాటే ఉంది, ఆ తిప్పలే ఉంది. "ఇది కొత్తగా చూస్తున్న పద్ధతి, పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు" అని విడదీసి చెప్పండి. "మందు" అన్నా అంతే, సందర్భాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

ఒక సంభాషణ ఇలా నడవచ్చు:

"ఏటి బాబూ, రగతం తీసి అమ్ముకుంటారేటి?"

"లేదమ్మా. టీ చెంచాడు తీస్తాం, 5 మి.లీ. ఇక్కడే చూసి మిగిలింది పారేస్తాం. అమ్మేది లేదు."

"మరి నానొద్దంటే?"

"వద్దంటే మానెయ్యొచ్చు. ఇప్పుడిస్తున్న బీపీ బిళ్ళలు ఎప్పట్లాగే ఇస్తాం. డాక్టరుగారేమీ అనరు."

ఇక్కడ చూడండి, "మిగిలింది పారేస్తాం" అన్న మాట ప్రోటోకాల్‌లో నిజంగా ఉందా? శాంపిల్ దాచి తర్వాత వాడతామని రాసి ఉంటే మీరు అబద్ధం చెప్పినట్టే. పేషెంటును శాంతపరచాలన్న తొందరలో నోటికొచ్చిన హామీ ఇచ్చేయడం, భాష బాగా వచ్చినవాళ్లకే ఎక్కువ జరిగే పొరపాటు.

చెప్పడం అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నిసార్లు రావాలి? వద్దంటే మీ వైద్యం ఆగుతుందా? ఏ మందు పడుతుందో ముందే ఎవరికైనా తెలుసా? రెండింటికి తప్పు జవాబు వస్తే మళ్లీ చెప్పండి, ఆ రోజు సంతకం తీసుకోకండి.

చదువు రానివాళ్లయితే నిష్పక్షపాత సాక్షి ఉండాలి. ఆ మనిషి మీ టీమ్‌కి చెందకూడదు, మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాలి. వేలిముద్ర వేసేటప్పుడు వార్డుబాయ్‌ని పిలిచి సాక్షి సంతకం పెట్టించడం చెల్లదు. తేదీ, సమయం ఎవరిది వాళ్లే రాయాలి. ఒక కాపీ పేషెంటుకు. పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్లవాళ్ల సమ్మతి నోటిమాటగా, 12 నుంచి 18 వాళ్లది రాతగా తీసుకోవాలి.

సవర, కుయి, కువి, కోయ మాట్లాడేవాళ్ల దగ్గర మీ తెలుగు సగమే పనిచేస్తుంది. "తెలుగు అర్థమవుతుందిలే" అని సర్దుకోకండి. తల ఊపడం అర్థమవడం కాదు. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు. మీకు మూడు నెలల్లో భాష రాకపోయినా మనిషిని వెతకడం వస్తుంది. సవరకు 1936లో మంగెయి గొమాంగో చేసిన సొంత లిపి ఉంది. అయినా చదివేవాళ్లలో ఒకరు ఒడియా లిపిలో, ఇంకొకరు తెలుగు లిపిలో, మరొకరు రోమన్‌లో చదువుతారు. కాబట్టి అచ్చు ఫారం కన్నా కమిటీ ఆమోదించిన ఆడియో మేలు. ఆశా కార్యకర్తను దుబాసిగా పెట్టుకోవడం సులువే, కానీ ఆవిడ ముందు ఊరివాళ్లు "వద్దు" అనలేరు. వేరే మనిషి దొరికితే వేరే మనిషినే పెట్టుకోండి.

అడగడం, కొలవడం

వయసు అడిగితే 40, 45, 50 అని గుండ్రంగా చెబుతారు. ఆధార్‌లో ఉన్నదీ చాలాసార్లు అలాంటిదే. సంఘటనల పట్టీ ఒకటి తయారుచేసుకోండి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్, 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2018 అక్టోబరు 11 తిత్లీ. గజపతి, రాయగడ వేరే జిల్లాలైంది 1992 అక్టోబరు 2న. "తిత్లీ అప్పటికి పెద్దపాప నడుస్తోందా?" అంటే సరైన జవాబు వస్తుంది.

"పొగాకు వాడతారా?" అంటే ఆడవాళ్లు లేదంటారు. పేరు పెట్టి అడగండి: ఖైనీ, గుడాఖు, చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం). గుడాఖు పళ్లపొడి అనీ, అడ్డపొగ అలవాటనీ అనుకుంటారే తప్ప పొగాకు లెక్కలో వేసుకోరు. కల్లూ అంతే. జీలుగు కల్లు తాగేవాళ్లు "మందు ముట్టను" అని నిజాయితీగానే చెబుతారు.

బీపీ చూసేముందు అరగంట వరకు టీ, బీడీ, గుడాఖు ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చాక ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని, కాళ్లు నేలకు ఆన్చి కూర్చోబెట్టండి. కఫ్ లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టాలి. చిన్న కఫ్ పెడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూడండి. అద్దం గొట్టం పరికరంలో రెండేసి చొప్పున చదువుతాం కాబట్టి 50 కొలతల్లో చివర సున్నా వచ్చేవి పది దాకా ఉండాలి. ముప్పై ఉన్నాయంటే ఎవరో గుండ్రం చేస్తున్నారు. వారానికోసారి మీ సొంత కొలతలను ఇలా లెక్కపెట్టుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రక్తం తీసే వరస: ముందు నీలం మూత సిట్రేట్, తర్వాత మందు లేని లేదా జెల్ ట్యూబు, తర్వాత ఊదారంగు ఈడీటీఏ, చివర బూడిదరంగు ఫ్లోరైడ్. ఈడీటీఏ ముందు తీస్తే ఆ మందు తర్వాతి ట్యూబులోకి అంటి పొటాషియం లేని ఎత్తుకు పోతుంది, కాల్షియం పడిపోతుంది. సిట్రేట్ ట్యూబు గీత దాకా నిండాల్సిందే: 0.3 మి.లీ. మందుకు 2.7 మి.లీ. రక్తం. తక్కువ పోస్తే గడ్డకట్టే సమయం ఎక్కువ చూపిస్తుంది. ఈడీటీఏని ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పండి, గిలకొట్టకండి. చక్కెర చూడాల్సిన రక్తాన్ని మామూలు ట్యూబులో పెట్టి మల్కన్‌గిరి నుంచి కోరాపుట్ పంపిస్తే దారిలో రక్తకణాలే గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున చక్కెర తినేస్తాయి.

ఈ జిల్లాలకు ప్రత్యేకంగా ఇంకో మాట. సికిల్ సెల్ జబ్బున్న వాళ్లలో ఎర్రకణాల ఆయుష్షు తక్కువ కాబట్టి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) నమ్మకంగా ఉండదు. డయాబెటిస్ స్టడీలో దాన్నే కొలబద్దగా పెట్టుకున్న ప్రోటోకాల్ కనబడితే, సికిల్ పరీక్ష చేస్తున్నారా అని అడగండి.

చల్లగా పంపే శాంపిళ్లు 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ని వెంటనే ఆనిస్తే శాంపిల్ గడ్డకట్టి పాడవుతుంది. బయట పెట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాక వాడండి.

కాగితం

తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ. వైట్‌నర్ అంటే ఇక్కడ దొంగతనంతో సమానం. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 05/06 చూసి ఒకరు మే అంటారు, ఒకరు జూన్ అంటారు. చెయ్యి మీద, గ్లవ్స్ పెట్టె మీద రాసుకుని సాయంత్రం ఫారంలోకి ఎక్కించడం మానుకోండి. మొదట ఎక్కడ రాస్తే అదే అసలు రికార్డు, ఆ పెట్టెను దాచాల్సి వస్తుంది.

మందు ఇచ్చే స్టడీలో పేషెంటు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందంటే, బైకు మీంచి పడినా సరే, మీరు ఆలోచించకుండా వెంటనే ప్రధాన పరిశోధకుడికి ఫోన్ చేయండి. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద ఆయన రిపోర్టు చేయడానికి 24 గంటలే ఉంటాయి. సంబంధం ఉందో లేదో తేల్చడం మీ పని కాదు.

మళ్లీ రప్పించడం

స్టడీలు ఇక్కడ దెబ్బతినేది ఫాలోఅప్‌లోనే. గంజాం మగవాళ్లు సూరత్ మగ్గాలకు వెళ్లిపోతారు. పర్లాకిమిడి పేషెంటు ఏరు దాటి పాతపట్నం, శ్రీకాకుళం వెళ్లి చూపించుకుంటాడు. కొంచెం పెద్ద జబ్బయితే విశాఖే. అందుకని చేర్చుకునే రోజే మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి: సొంతది, ఇంట్లో ఉండే ఆడమనిషిది, ఆంధ్రాలో ఉన్న చుట్టానిది. ముగ్గురికీ ఫోన్ చేయొచ్చని కన్సెంట్‌లో ఉండాలి. ఆ నంబర్లకు అక్కడే రింగ్ ఇచ్చి చూడండి. అంకె తప్పయితే అప్పుడే తెలుస్తుంది.

విజిట్ తేదీలు వేసేటప్పుడు కేలండర్ ముందు పెట్టుకోండి. ఊడ్పులు, కోతలు, దసరా, సంక్రాంతి, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర. ప్రోటోకాల్ ఏడు రోజుల వెసులుబాటు ఇస్తే పండగకు ముందువైపు వాడుకోండి, వెనకవైపు వాడితే ఇంకో పని అడ్డమొస్తుంది. రెండు రోజుల ముందొకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చేయండి. ఇంట్లో వేరేవాళ్లు ఎత్తితే జబ్బు పేరు చెప్పకండి. టీబీ, సికిల్ సెల్ విషయంలో ఆ ఒక్క మాటతో సంబంధాలు తప్పిపోతాయి.

మీ సొంత ప్రశ్న

ఆరో వారం దాకా ఆగండి. అప్పటికి టీమ్ డేటాలో ఏముందో, ఏది ఖాళీగా ఉందో తెలుస్తుంది. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. కొత్త డేటా పోగుచేయడం ఎందుకు కుదరదో లెక్క వేసి చూడండి. ఒక జబ్బు 20 శాతం మందిలో ఉంటుందని అంచనా, దాన్ని అటూ ఇటూ 5 పాయింట్లలో 95 శాతం నమ్మకంతో చెప్పాలి. 1.96 వర్గాన్ని 0.2తో, 0.8తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 246 మంది. పది శాతం రాకుండా పోతారనుకుంటే 246ని 0.9తో భాగించాలి, 274 అవుతుంది. పన్నెండు వారాల్లో అరవై పనిదినాలనుకున్నా రోజుకు దాదాపు ఐదుగురు కావాలి. ఓపీలో ముగ్గురే వస్తారు. ఈ "అటూ ఇటూ 5" దగ్గరే పీజీలు తడబడతారు. అసలు సంఖ్యలో ఐదో వంతు, అంటే 4 పాయింట్లు అనుకుంటే అదే లెక్క 385కి వెళ్తుంది. ఏది వాడారో రాయండి.

కాబట్టి ఉన్న డేటాతో చేసే ప్రశ్న ఎంచుకుని, దానికి ఎథిక్స్ కమిటీ సవరణ అవసరమా అని ముందే అడగండి. మీ థీసిస్‌లో మీరే మందో, ఏదైనా చికిత్సో ఇచ్చి చూస్తుంటే మొదటి పేషెంటును చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే జాబితా) నమోదవ్వాలి. పేషెంట్లను చేర్చుకున్నాక వస్తే 2018 ఏప్రిల్ 1 నుంచి నమోదు చేయడం లేదు. రుసుము లేదు గానీ ప్రశ్నలు వేసి వెనక్కి పంపుతారు, నెల ముందే మొదలుపెట్టండి.

డేటా షీట్‌లో "సమాధానం లేదు" అన్నదానికి వయసు గడిలో 99 పెట్టకండి, తొంభై తొమ్మిదేళ్ల ముసలివాళ్లు పుట్టుకొస్తారు. ఎక్సెల్ 007ని 7 చేస్తుంది, కాబట్టి ఐడీ గడిని టెక్స్ట్‌గా పెట్టండి. పేర్లూ ఐడీలూ కలిపే పట్టీ వేరే ఫైల్లో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. వాట్సాప్‌లో అసలు తిరగకూడదు. పదింటిలో ఒక ఫారాన్ని ఇంకొకరి చేత మళ్లీ ఎక్కించి పోల్చండి.

పేపర్లో పేరు సంగతి చివరి వారం కాదు, ప్రశ్న ఖాయమైన రోజే మాట్లాడండి. ఎవరు ఏ పని చేస్తారో, ఎవరి పేరు ఎక్కడ వస్తుందో రాసి గైడ్‌కి ఈమెయిల్ పెట్టండి. అడగడం అమర్యాద ఏమీ కాదు. ఫారాలు నింపినంత మాత్రాన రచయిత అయిపోరన్నదీ నిజమే. అనాలిసిస్‌లోనో రాతలోనో మీ చెయ్యి ఉండాలి.

వెళ్లేటప్పుడు

ఆఖరి వారంలో తేలని క్వెరీలన్నీ (ఫారాల్లో తప్పో, ఖాళీయో ఉందని వచ్చిన ప్రశ్నలు) పట్టీ రాసి, ఒక్కోటీ దీదీ పక్కన కూర్చుని మూసేయండి. మీ దగ్గరున్న పేషెంట్ల ఫాలోఅప్ తేదీలు తర్వాత వచ్చే పీజీకి చూపించండి, వీలైతే ఒకరోజు ఇద్దరూ కలిసి ఫోన్లు చేయండి. ఫోన్లో మిగిలిన ఫొటోలు, పెన్‌డ్రైవ్‌లో డేటా తీసేయండి. డెలిగేషన్ లాగ్‌లో మీ పేరెదురుగా ముగింపు తేదీ వేయించుకోండి. ఆ తేదీ తర్వాత, వదిలేసిన ఫారం ఒకటి కనబడిందని ఎవరు బతిమాలినా సంతకం పెట్టకండి. ఆ ఫారం ఎందుకు ఆలస్యమైందో ఒక నోట్ రాసి, అదే రోజు తేదీతో దీదీ సంతకం చేసి ఫైల్లో పెడుతుంది.